కోడ్ రన్ అయింది, మరి బ్యాంకు డబ్బులేవి?

ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో డెవలపర్ ఇంటర్వ్యూ అనగానే మనవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "అన్నా, షేర్ మార్కెట్ నేర్చుకోవాలా?" అక్కర్లేదు తమ్ముడూ. క్వాంట్ ఉద్యోగాల (లెక్కలతో ట్రేడింగ్ మోడల్స్ కట్టేవి) సంగతి వేరు. మామూలు జావా డెవలపర్‌ని డెరివేటివ్స్ అడిగి ఎవరూ చంపరు. చంపేది ఇంకోటుంది: ఒకే డేటాని ఇద్దరు ఒకేసారి ముట్టుకుంటే మీ కోడ్ ఏమవుతుంది?

[స్క్రీన్ మీద: బ్యాలెన్స్ 10,000]

మా బాబాయ్‌కీ పిన్నికీ జాయింట్ అకౌంట్ ఉందనుకోండి. బాబాయ్ అమీర్‌పేటలో ఏటీఎం ముందున్నాడు, పిన్ని గుంటూరులో. ఇద్దరూ ఒకే క్షణంలో 8,000 కొట్టారు. మీ కోడ్ ఏం చేస్తుంది? బ్యాలెన్స్ చూస్తుంది, సరిపోతే తీసేస్తుంది. బాబాయ్ కోసం చూసింది, 10,000 ఉంది. తీసేలోపే పిన్ని కోసమూ చూసింది, ఇంకా 10,000 ఉంది. ఇద్దరికీ ఇచ్చేసింది. పోయింది 16,000, ఖాతాలో ఇంకా 2,000 ఉన్నట్టు చూపిస్తోంది! (నిజం ఏటీఎంలో ఇలా జరగదు, ఆశపడకండి.)

హ్యాకర్‌ర్యాంక్ అనే కోడింగ్ పరీక్షల సైట్‌లో టెస్ట్ కేసులన్నీ పచ్చగా వచ్చినా ఈ తప్పు దొరకదు. అక్కడికి బాబాయ్ ఒక్కడే వస్తాడు కాబట్టి.

నా మొదటి ఇంటర్వ్యూలో కాలర్ ఎగరేసి "కంకరెంట్‌హ్యాష్‌మ్యాప్ వాడాను సార్" అన్నాను. చాలా థ్రెడ్‌లు, అంటే ఒకేసారి నడిచే పనులు, పంచుకునే జావా మ్యాప్ అది; గెట్‌తో చదువుతాం, పుట్‌తో రాస్తాం. ఆయన తాపీగా, "గెట్ అయ్యాక, పుట్‌కి ముందు ఇంకో థ్రెడ్ వస్తే?" అన్నారు. నా నోరు ఎండిపోయింది. ఆ మ్యాప్ గెట్‌ని విడిగా కాపాడుతుంది, పుట్‌ని విడిగా కాపాడుతుంది. మధ్యలో సందుంది చూడండి, పిన్ని దూరేది అక్కడే. చూడటం, తీయడం రెండూ ఒకే కంప్యూట్ కాల్‌లో (మధ్యలో ఎవరూ దూరకుండా చదివి రాసేది) జరగాలి, లేదా ఖాతాకి లాక్ వేయాలి, అంటే ఒకరి పని అయ్యేదాకా ఇంకొకరు ఆగాలి. వోలటైల్ (జావాలో వేరియబుల్‌కి తగిలించే మాట) అని మాత్రం అనకండి. అది తాజా బ్యాలెన్స్ చూపిస్తుందంతే, తలుపు వేయదు.

సరే, లాక్ వేశారు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఊరుకుంటారా? ఇప్పుడు ఇద్దరికీ విడివిడి ఖాతాలు. బాబాయ్ పిన్నికి పంపుతున్నాడు, అదే క్షణంలో పిన్ని బాబాయ్‌కి పంపుతోంది. ఆయన తన ఖాతాకి లాక్ వేసి ఆవిడ ఖాతా కోసం ఆగాడు. ఆవిడా అంతే. సంక్రాంతికి ఊరెళ్లే రోజు వాళ్లింట్లో జరిగేదే ఇది: "ముందు నువ్వు తయారవ్వు", "కాదు, ముందు మీరు". బస్సు వెళ్లిపోతుంది. దీన్నే డెడ్‌లాక్ అంటాం. ఎవరు ఎవరికి పంపినా సరే, చిన్న ఖాతా నంబరుకే ముందు లాక్ వేయండి, చిక్కు విడిపోతుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. డబ్బుకి డబుల్ (జావాలో దశాంశాలు దాచే మామూలు టైప్) వాడొద్దు. 0.1 + 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. బిగ్‌డెసిమల్ (దశాంశాన్ని ఉన్నదున్నట్టు దాచే జావా క్లాస్) వాడండి, 0.1ని స్ట్రింగ్‌గానే, అంటే కోట్స్‌లో పెట్టి, ఇవ్వండి. లేకపోతే ఆ తోక అక్కడికీ వస్తుంది.

సిస్టమ్ డిజైన్‌లో: డబ్బు పంపాక జవాబు రాకముందే నెట్ పోయింది, బాబాయ్ మళ్లీ నొక్కాడు. ప్రతి లావాదేవీకీ ఒక ఐడీ ఉండాలి. అదే ఐడీ రెండోసారి వస్తే పాత జవాబే పంపాలి.

డిప్లాయ్‌మెంట్ (కొత్త కోడ్‌ని సర్వర్లలో పెట్టడం) గురించి అడిగితే నైట్ క్యాపిటల్ అనే అమెరికా ట్రేడింగ్ సంస్థ కథ తెలిసుండాలి. 2012 ఆగస్టు 1న 8 సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ చేరలేదు. అందులోని పాత కోడ్ తప్పుడు ఆర్డర్లు పెట్టేసి, 45 నిమిషాల్లో 40 కోట్ల డాలర్లకు పైగా పోయాయి.

హ్యాష్‌మ్యాప్ లోపలి సంగతులు వచ్చే వీడియోలో. బాబాయ్ వస్తాడు, వెనకే పిన్ని కూడా.