26 షాట్లలో 4: బాస్కెట్‌బాల్ ప్రపంచకప్ 2023 రివ్యూ

అందరికీ నమస్తే. నారాయణగూడ వైఎంసీఏ కోర్టు నుంచి ఇప్పుడే వచ్చా. అక్కడ ఓ పదో తరగతి పిల్లాడికి వరసగా నాలుగు షాట్లు పోయాయి. ఇక అంతే, బాల్ చేతికొచ్చినా వేయడు, భయపడి పక్కవాడికిచ్చేస్తాడు. వాడి కోసమే ఈ వీడియో.

2023 ప్రపంచకప్. 32 జట్లు. ఫిలిప్పీన్స్, జపాన్, ఇండోనేషియాల్లో జరిగింది. మనీలా ఫైనల్లో సెర్బియాను 83-77తో ఓడించి జర్మనీ గెలిచింది. ఆడినవి 8, గెలిచినవీ 8. సెమీస్‌లో అమెరికాని 113-111తో పడగొట్టారు కదా, అందరూ ఆ మ్యాచ్ గురించే మాట్లాడతారు. మంచి మ్యాచే, కాదనను. జర్మనీ ఆటగాడు ఒబ్స్ట్ 24 పాయింట్లు కొట్టాడు. కానీ నన్నడిగితే ముందు చూడాల్సింది లాట్వియాతో క్వార్టర్ ఫైనల్.

లాట్వియాకి అదే తొలి ప్రపంచకప్. అప్పటికే ఫ్రాన్స్‌ని, డిఫెండింగ్ చాంపియన్ స్పెయిన్‌ని ఓడించి వచ్చారు. ఇటు జర్మనీ కెప్టెన్ డెనిస్ ష్రోడర్. ఆ రోజు 26 షాట్లు వేస్తే పడ్డవి 4! చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది. నేనే కోచ్‌నైతే మూడో క్వార్టర్‌లోనే కూర్చోబెట్టేవాణ్ణి. పైగా ఈ టోర్నీలో క్వార్టర్‌కి (మ్యాచ్‌లో నాలుగో వంతు) 10 నిమిషాలే, అమెరికా లీగ్ ఎన్‌బీఏలోలా 12 కాదు. తేరుకోవడానికి టైమ్ ఎక్కడిది?

అయినా ఆయన షాట్లు ఆపలేదు. మిగతావాళ్లూ ఆయనకి బాల్ ఇవ్వడం మానలేదు. 81-79తో జర్మనీ గెలిచింది. చివరి క్షణంలో లాట్వియా ఆటగాడు బెర్తాన్స్ వేసిన త్రీ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) రింగుకి తగిలి బయటికి పోయింది. అది పడుంటే జర్మనీ కథ అక్కడే ముగిసేది. అదృష్టం కూడా ఉంది, ఒప్పుకోవాలి.

మరి ఆ నమ్మకం ఎక్కడిదంటే, జర్మనీ కోచ్ గోర్డన్ హెర్బర్ట్ జట్టు కోసం మూడు వేసవులు ఇవ్వమని ఆటగాళ్లని ముందే అడిగాడు. 2022 యూరోబాస్కెట్ (యూరప్ దేశాల టోర్నీ), 2023 ప్రపంచకప్, 2024 ఒలింపిక్స్. అమెరికా జట్టేమో టోర్నీకి కొన్ని వారాల ముందే కలిసింది. అదే తేడా అని నా అభిప్రాయం. ఒక్కొక్కరిగా చూస్తే అమెరికా వాళ్లే మొనగాళ్లు, కానీ రీబౌండ్ల (పడకుండా తిరిగొచ్చిన బాల్ అందుకోవడం) దగ్గర, డిఫెన్స్‌లో ఒకరి కోసం ఒకరు కదలడం వేరే విద్య. కాంస్య పతకం మ్యాచ్‌లోనూ కెనడా చేతిలో ఓడారు, ఓవర్‌టైమ్‌లో 127-118.

అన్నట్టు, దక్షిణ సూడాన్ మ్యాచ్‌లు కూడా వెతికి చూడండి. మొదటిసారి వచ్చి పారిస్ ఒలింపిక్స్ టికెట్ పట్టుకెళ్లారు. మన ఇండియా ఇంకా ఒక్క ప్రపంచకప్ కూడా ఆడలేదు, అందుకే వాళ్లని చూస్తే నాకు కళ్లు చెమరుస్తాయి.

ఇక ఫైనల్. లాట్వియా మ్యాచ్ జరిగి నాలుగే రోజులు. ఆఖరి నిమిషంలో సెర్బియా మీదికి వచ్చేస్తోంది. బాల్ ష్రోడర్ చేతిలోనే ఉంది. ఎవరికీ ఇవ్వలేదు, డిఫెండర్‌ని దాటి నేరుగా రింగు దగ్గరికి దూసుకెళ్లి లేఅప్ (దగ్గర నుంచి వేసే షాట్) వేశాడు. పడింది. ఆ మ్యాచ్‌లో ఆయన పాయింట్లు 28, టోర్నీ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) కూడా ఆయనే. ఒరేయ్ తమ్ముడూ, రేపు కోర్టుకి రా, నీకు బాల్ నేనిస్తా.