శ్రీశైలం రైడ్‌కి అందరి ఫోన్లలో ఒకే గీత: జీపీఎక్స్ ఫైల్ ఎలా చేయాలి, ఎలా పంపాలి

[తెర మీద: వాట్సాప్ గ్రూప్. ఒక మ్యాప్ లింక్, దాని కింద వరుసగా బొటనవేళ్లు.]

ఆదివారం రైడ్. లీడ్ రైడర్ గ్రూప్‌లో గూగుల్ మ్యాప్స్ లింక్ పెట్టాడు. పాతికమంది బొటనవేలు చూపించేశారు. అందరి దగ్గరా దారి ఉంది, ఇక టెన్షన్ లేదనుకున్నారు. కానీ ఆ లింక్‌లో ఖాయంగా ఉన్నవి మొదలు, మధ్యలో ఆగే చోట్లు, గమ్యం. వాటి మధ్య ఏ రోడ్డు ఎక్కాలో ఏ ఫోన్‌కి ఆ ఫోనే అప్పటికప్పుడు లెక్క కట్టుకుంటుంది. ఒకరిది కార్ మోడ్‌లో ఉంటుంది, ఇంకొకరిది టూ వీలర్ మోడ్‌లో. ఒకరు ఆరింటికి తెరుస్తారు, మరొకరు ఏడున్నరకి. ఈలోపు ట్రాఫిక్ మారిపోతుంది. పాతిక బండ్లు మూడు దారుల్లో పోతాయి.

అందుకే దారిని మనమే గీసి, ఆ గీతనే అందరి ఫోన్లలోకి ఎక్కిద్దాం. ఉదాహరణకి శ్రీశైలం తీసుకుంటున్నా. ఒక జట్టు హైదరాబాద్ నుంచి, ఒకటి కర్నూలు నుంచి, ఇంకొకటి గుంటూరు నుంచి బయల్దేరి అక్కడ కలుస్తాయి. యాప్‌లు తడబడే చోట్లన్నీ ఈ మూడు దారుల్లోనే దొరుకుతాయి.

[తెర మీద: నోట్‌ప్యాడ్‌లో తెరిచిన జీపీఎక్స్ ఫైల్. అంకెల వరుసలు.]

ముందు ఫైల్ సంగతి. జీపీఎక్స్ అనేది 2002లో వచ్చిన, దారులూ చోట్లూ దాచుకునే ఫైల్ రకం. మనం గీసే గీత ఇందులోనే ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మామూలు అక్షరాలే కనిపిస్తాయి, అందులో అక్షాంశాలు, రేఖాంశాలు. శ్రీశైలం అయితే 16.07, 78.87 దగ్గర. దశాంశ స్థానాలు చూసుకోండి: రెండు ఉంటే కిలోమీటరు అటూ ఇటూ, నాలుగు ఉంటే సుమారు పదకొండు మీటర్లు, ఐదు ఉంటే మీటరు. ఎవరైనా రెండు స్థానాలతో పిన్ పంపితే అది బంక్ పిన్ కాదు, ఊరి పిన్.

ఈ ఫైల్‌లో మూడు రకాల సరుకు ఉండొచ్చు. వేపాయింట్ అంటే ఒక చోటు: బంక్, టిఫిన్ హోటల్, చెక్‌పోస్ట్. రూట్ అంటే కొన్ని పాయింట్ల వరుస, వాటిని కలిపే రోడ్డుని యాప్ ఎంచుకుంటుంది. ట్రాక్ అంటే వందలు, వేల చుక్కలతో గీసిన గీత, అందులో యాప్ ఎంచుకోవాల్సింది ఏమీ లేదు. గ్రూప్ రైడ్‌కి నా ఓటు ట్రాక్‌కే. రూట్ పంపితే మళ్ళీ లింక్ కథే. చాలా వెబ్‌సైట్లు డౌన్‌లోడ్ చేసేటప్పుడు రూటా, ట్రాకా అని అడుగుతాయి. చూడకుండా ఓకే కొట్టేయకండి. ట్రాక్, దానితో పాటు ఆగే చోట్లకి వేపాయింట్లు, ఈ రెండూ టిక్ చేయండి.

గీయడానికి ఫోన్ వద్దు, కంప్యూటర్ ముందు కూర్చోండి. బైకర్ల కోసమే తయారైన కుర్విగర్ లాంటి సైట్‌లో పాయింట్లు పెడుతూ పోతే గీత వస్తుంది, జీపీఎక్స్‌గా దించుకోవచ్చు. గూగుల్ మై మ్యాప్స్‌లోనూ గీయొచ్చు, కాకపోతే అది కేఎమ్‌ఎల్ ఫైల్ ఇస్తుంది, దాన్ని జీపీఎక్స్‌గా మార్చుకోవాలి. మామూలు గూగుల్ మ్యాప్స్‌లో జీపీఎక్స్ దించుకునే వీలే లేదు, పైగా మొదలుతో కలిపి పది పాయింట్లకి మించి పెట్టనివ్వదు.

[తెర మీద: హైదరాబాద్ దక్షిణ భాగం. ఔటర్ రింగ్ రోడ్డు ఎర్ర గీతలో.]

ఇప్పుడు హైదరాబాద్ జట్టు. మొదటి గండం ఊరు దాటకముందే ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ క్యారేజ్‌వే మీదకి, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదకి టూ వీలర్లని రానివ్వరు. కార్ మోడ్‌లో గీస్తే గీత సరదాగా వాటి మీద పడుతుంది. గచ్చిబౌలి వైపు నుంచి వచ్చేవాళ్లకి మరీనూ. 2017 డిసెంబర్‌లో గూగుల్ మన దేశంలోనే మొదటగా టూ వీలర్ మోడ్ తెచ్చింది. అయినా లింక్ తెరిచేవాళ్లు ఏ మోడ్‌లో ఉన్నారో మీకేం తెలుసు?

నా పద్ధతి ఏంటంటే, ఊళ్లో దారే గీయను. తుక్కుగూడ దాటాక శ్రీశైలం హైవే మీద ఒక బంక్ చూసుకుని, ట్రాక్ అక్కడి నుంచే మొదలుపెడతా. అక్కడి దాకా ఎవరి దారి వాళ్లది. ఇంకో లాభం కూడా ఉంది: ఎవరి ఇంటి పిన్నూ గ్రూప్‌లో తిరగదు.

అక్కడి నుంచి కడ్తాల్, ఆమనగల్, వెల్దండ, కొట్ర చౌరస్తా, డిండి, హాజీపూర్, మన్ననూర్. పాయింట్ పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త: చౌరస్తా నడిమధ్యలో పెట్టకండి. మలుపు తిరిగాక, రెండు మూడు వందల మీటర్ల అవతల, మనం వెళ్లే వైపు రోడ్డు మీద పెట్టండి. డివైడర్ ఉన్న రోడ్డులో పాయింట్ పొరపాటున అవతలి వైపు పడితే, యాప్ మీ చేత ముందుకెళ్లి యూటర్న్ కొట్టించి, ఆ పాయింట్ ముట్టుకునేలా చేసి, మళ్ళీ ఇంకో యూటర్న్ కొట్టిస్తుంది. లీడ్ వెనక పాతిక బండ్లు అదే చేస్తే లారీ వాళ్లు ఏమంటారో చెప్పక్కర్లేదు. పూర్తిగా జూమ్ చేసి ప్రతి పాయింటూ చూడండి. విసుగు పుట్టించే పనే, కానీ మొత్తంలో తప్పించుకోలేని పని ఇదొక్కటే.

[తెర మీద: మన్ననూర్ నుంచి శ్రీశైలం దాకా పచ్చటి మ్యాప్. గడియారం బొమ్మ: రాత్రి 9, ఉదయం 6.]

మన్ననూర్ దగ్గర అసలు విషయం ఉంది. ఇక్కడి నుంచి అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా చెక్‌పోస్ట్ మూసేస్తారు. అటు ఆంధ్ర వైపు దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్‌కి కూడా రాత్రి అదే కట్టడి. మ్యాప్‌లో గీత రాత్రి పదింటికి కూడా నీలంగానే ఉంటుంది, అది నమ్ముకుని గేటు దగ్గరికి పోతే తెల్లవారే దాకా అక్కడే. అందుకే వేపాయింట్ పేరులోనే టైమ్ రాసేయండి: "మన్ననూర్ గేటు, రాత్రి 9కి మూత". పేరు ఎంత పొడుగైనా ఫర్వాలేదు, పిన్ నొక్కితే కనిపిస్తుంది.

టైమ్ లెక్క కూడా ఈ గేటు నుంచి వెనక్కి కట్టుకోవాలి. హైదరాబాద్ నుంచి శ్రీశైలం సుమారు 215 కిలోమీటర్లు. యాప్ చూపించే టైమ్ ఒంటరి బండిది. పాతిక బండ్లకి పెట్రోల్ పట్టించడం తీసుకోండి. డబ్బులు కట్టడంతో కలిపి బండికి రెండు నిమిషాలు అనుకుంటే, ఒకే పంపు దగ్గర యాభై నిమిషాలు. రెండు పంపులుంటే పాతిక. ఎవరి బండి వాళ్లు ముందురోజే ఫుల్ ట్యాంక్ చేసుకు వస్తే ఈ టైమ్ మిగులుతుంది. క్లాసిక్ 350 ట్యాంక్ పదమూడు లీటర్లు, శ్రీశైలం చేరడానికి ధారాళంగా సరిపోతుంది. తిరుగు ప్రయాణానికి కావాల్సింది అడవిలో దొరుకుతుందని మాత్రం లెక్క వేసుకోకండి.

అడవి లోపల ఆగే పిన్ ఒక్కటి కూడా పెట్టకండి. ఫోటోకి బాగుంటుందని ఎవరో ఒకరు అడుగుతారు. అది పులుల అడవి, రోడ్డు పక్క బండ్లు వరుసగా ఆపుకునే చోటు కాదు. అందరూ కలుసుకునే పిన్ గేటుకి ముందు మన్ననూర్‌లో ఒకటి, దాని తర్వాత మళ్ళీ దోమలపెంటలోనే.

ఒక పక్కమాట. డ్యామ్ గేట్లు ఎత్తారని వార్త వచ్చిన వారాంతంలో ఈ రైడ్ పెట్టుకోవద్దు. డ్యామ్ దగ్గర హెయిర్‌పిన్ మలుపుల్లో కార్లు బారులు తీరతాయి. అప్పుడు ఏ యాప్ చెప్పిన టైమూ పనికిరాదు.

[తెర మీద: ఆత్మకూరు, దోర్నాల, శ్రీశైలం. మూడు చుక్కలు.]

కర్నూలు జట్టుకి గండం వేరే రకం. నందికొట్కూరు, ఆత్మకూరు దాకా ఇబ్బంది లేదు. మ్యాప్‌లో చూస్తే ఆత్మకూరు నుంచి శ్రీశైలం ఈశాన్యంగా, దగ్గర్లోనే ఉన్నట్టు ఉంటుంది. కానీ బండి రోడ్డు అటు పోదు. తూర్పుగా నల్లమల దాటి దోర్నాల చేరి, అక్కడి నుంచి మళ్ళీ వాయవ్యంగా ఘాట్ ఎక్కాలి. మరి ఆ మధ్యలో ఉన్నది ఏంటి? వెంకటాపురం, నాగలూటి, పెచ్చెర్వు మీదుగా శివరాత్రికి భక్తులు నడిచి వెళ్లే దారి. కొన్ని యాప్‌లలో "మట్టి రోడ్లు కూడా చూపించు" అన్న ఆప్షన్ ఆన్‌లో ఉంటే ఇలాంటి కాలిబాటల మీదకి గీత జారొచ్చు. మీ గీత ఆత్మకూరు నుంచి సూటిగా అడవిలోకి దూరుతోందంటే వెంటనే ఆ ఆప్షన్ తీసేయండి. దోర్నాల దగ్గర గీత పెద్ద మలుపు తిరిగిందంటే సరైన దారిలో ఉన్నట్టు.

గుంటూరు వాళ్లు నరసరావుపేట, వినుకొండ దాటాక దోర్నాలకి యర్రగొండపాలెం మీదుగానూ రావచ్చు, మార్కాపురం మీదుగానూ రావచ్చు. యాప్‌కి వదిలేస్తే సగం మందిని ఇటు, సగం మందిని అటు పంపినా ఆశ్చర్యం లేదు. ఏదో ఒకటి మీరే ఖాయం చేసి, ఆ ఊళ్లో ఒక పాయింట్ దిగ్గొట్టండి. ఈ రెండు జట్లూ కలిసేది దోర్నాలలోనే, అందుకని రెండు ఫైళ్లలోనూ ఆ పిన్ ఒక్కటే ఉండాలి: అదే బంక్, అదే పేరు.

[తెర మీద: ఫోన్ స్క్రీన్ రికార్డింగ్. వాట్సాప్ నుంచి ఫైల్ తెరవడం.]

పంపడం తేలికే. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా అటాచ్ చేయండి. ఊరికో ఫైల్, పేరులో ఊరు, తేదీ, వెర్షన్ నంబర్. దారి మార్చి కొత్త ఫైల్ పెట్టినప్పుడు పాతదాన్ని అందరికీ డిలీట్ చేసేయండి, కొత్తదాన్ని గ్రూప్‌లో పిన్ చేయండి. లేదంటే పాత ఫైల్ పట్టుకుని ఎవరో ఒకరు వస్తారు.

తెరవడానికి గూగుల్ మ్యాప్స్ యాప్ పనికిరాదు. ఓస్మ్‌అండ్ గానీ, ఆర్గానిక్ మ్యాప్స్ గానీ వేసుకోమనండి. రెండూ ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉన్నాయి, రెండూ నెట్ లేకుండా పనిచేస్తాయి. ఒకటి గుర్తుంచుకోండి, జీపీఎక్స్‌లో గీతే ఉంటుంది, మ్యాప్ ఉండదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మ్యాప్‌లు ఇంట్లో వైఫై ఉండగానే దించుకోవాలి. లేకపోతే అడవిలో తెల్ల కాగితం మీద ఒక గీత, దాని మీద మీరు.

ఓస్మ్‌అండ్‌లో దారి తప్పితే కొత్త దారి లెక్కగట్టడం ఆపేసే సెట్టింగ్ ఉంది. దాన్ని వాడి ఆ కొత్త లెక్కని ఆపేయమని అందరికీ చెప్పండి.

"ఓకే అన్నా, వచ్చింది" అన్న మెసేజ్‌ని నమ్మకండి. గీత తెరిచిన స్క్రీన్‌షాట్, అందులో మొత్తం దూరం కనిపించేలా, ప్రతి ఒక్కరూ పంపాలి. ఒకరి అంకె మిగతావాళ్ల అంకెతో కలవలేదంటే వాళ్ల యాప్ సొంతంగా దారి కట్టిందని అర్థం. అది శనివారం రాత్రే తేలిపోవాలి.

యాప్‌లంటే చిరాకు పడే పెద్దాయన ప్రతి గ్రూప్‌లోనూ ఒకరుంటారు. ఆయనకి వరుసగా ఊళ్ల పేర్లు రాసిన చీటీ ట్యాంక్ బ్యాగ్‌లో పెట్టివ్వండి. నిజం చెప్పాలంటే చార్జింగ్ అయిపోనిది అదొక్కటే.

[తెర మీద: హైవే మీద వరుసలో బైకులు. ముందు ఒకటి, చివర ఒకటి రంగుతో గుర్తు.]

రోడ్డెక్కాక అందరూ స్క్రీన్ చూస్తూ నడపక్కర్లేదు. లీడ్, స్వీప్ (అందరికంటే చివర వచ్చే రైడర్), మధ్యలో ఇద్దరు చాలు. మిగతావాళ్లు ముందున్న బండిని చూసుకోవాలి, ఫోన్ జేబులో ఉండాలి. కొట్ర చౌరస్తా, హాజీపూర్ లాంటి చోట్ల లీడ్ వెనకున్న రైడర్ పక్కకి సురక్షితంగా ఆగి, స్వీప్ వచ్చే దాకా దారి చూపించాలి. స్వీప్ కనిపించాక కదలాలి.

లైవ్ లొకేషన్ గురించి రెండు మాటలు. వాట్సాప్‌లో పదిహేను నిమిషాలు, గంట, ఎనిమిది గంటలు, ఇవే ఉన్నాయి. ఎనిమిది పెట్టుకోండి. కానీ జీపీఎస్ శాటిలైట్ నుంచి వస్తుంది, సిగ్నల్ లేకపోయినా మీ ఫోన్‌కి మీరెక్కడున్నారో తెలుస్తుంది. లైవ్ లొకేషన్ ఇంకొకరికి చేరాలంటే నెట్ కావాలి. నల్లమలలో సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. అడవి మధ్యలో ఒకరి చుక్క నలభై నిమిషాలు కదలకపోతే బండి పడిపోయిందని కంగారు పడకండి. చాలాసార్లు అది సిగ్నల్ పోయిన చోటు. అసలు కబురు స్వీప్ దగ్గర ఉంటుంది, స్వీప్ గేటు దాటాకే లెక్క.

ఎవరైనా దారి తప్పితే హైవే మీద వెనక్కి తిప్పకుండా, తర్వాతి కలిసే పిన్‌కి నేరుగా వెళ్లాలి. ఇది బయల్దేరే ముందే అందరికీ చెప్పండి.

హ్యాండిల్ మీద ఐఫోన్ బిగించేవాళ్లకి ఒక మాట: ఇంజన్ వైబ్రేషన్ వల్ల కెమెరా ఫోకస్ దెబ్బతినొచ్చని 2021లో ఆపిల్ కంపెనీయే చెప్పింది. వైబ్రేషన్ తగ్గించే మౌంట్ కొనుక్కోండి, లేదా ఇంట్లో పడున్న పాత ఫోన్‌ని నావిగేషన్‌కి వాడండి.

[తెర మీద: రికార్డ్ చేసిన ట్రాక్. రెండు చివర్లు కత్తెరతో కత్తిరిస్తున్నట్టు.]

లీడ్ వెళ్లేటప్పుడు యాప్‌లో రికార్డింగ్ ఆన్ చేసుకుంటే, నిజంగా వెళ్లిన దారి ఇంకో జీపీఎక్స్‌గా మిగులుతుంది. పిన్‌లు సరిచేసి వచ్చేసారికి దాన్నే వాడొచ్చు. గ్రూప్‌లో పెట్టే ముందు దాని మొదటి, చివరి కిలోమీటర్లు కత్తిరించండి. లేకపోతే మీ ఇంటి గేటు ఎక్కడుందో, బండి ఎన్నింటికి బయటికెళ్లిందో కూడా ఫైల్‌లోనే ఉంటుంది.