ట్విన్ ఎంట్రీ టర్బో రివ్యూ: సిలిండర్‌లో పొగ మిగలకుండా పోతుందా?

నమస్తే అండీ. ఇవాళ్టి రివ్యూ ఆరు సిలిండర్ల డీజిల్‌కి పెట్టే ట్విన్ ఎంట్రీ టర్బైన్ హౌసింగ్ మీద, అంటే పొగతో తిరిగే టర్బో చక్రం చుట్టూ ఉండే డొల్ల మీద. ఫ్లాంజ్ (ఇంజిన్ వైపు బిగించే అంచు) చూడండి: రెండు రంధ్రాలు, మధ్యలో గోడ. అసలు పనంతా ఆ గోడదే.

పిస్టన్ ఇంకా కిందికి దిగుతుండగానే, బీడీసీకి (పిస్టన్ అన్నిటికన్నా కిందుండే చోటు) క్రాంక్ తిరుగుడులో 40 నుంచి 60 డిగ్రీల ముందే ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకుంటుంది. లోపల ఒత్తిడి ఇంకా కొన్ని బార్లు ఉంటుంది కాబట్టి చాలా పొగ దానంతటదే తన్నుకుని పోతుంది. మిగిలింది పిస్టన్ పైకొస్తూ తోసేస్తుంది. టీడీసీ (పిస్టన్ అన్నిటికన్నా పైనుండే చోటు) దగ్గర ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కాసేపు కలిసి తెరిచి ఉంటాయి, అదే ఓవర్‌ల్యాప్. అప్పుడు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగని టర్బోకి చేర్చే గొట్టం) ఒత్తిడి కన్నా బూస్ట్ (టర్బో లోపలికి తోసే గాలి ఒత్తిడి) ఎక్కువుంటే, కొత్త గాలి మూలల్లోని పొగని ఊడ్చేస్తుంది. తక్కువుందా, పొగే ఇన్‌టేక్‌లోకి ఎదురెక్కుతుంది.

ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-5-3-6-2-4 అనుకోండి. ఒకటో సిలిండర్ ఇంకా పొగ తోస్తుండగానే ఐదోది వాల్వ్ తెరుస్తుంది. మానిఫోల్డ్ ఒకటే అయితే ఆ పొగ పోటు నేరుగా ఒకటో దాని మీదకొస్తుంది. అందుకే 1, 2, 3 ఒక రంధ్రానికి, 4, 5, 6 ఇంకోదానికి. ఒక్కో వైపు పోటుకీ పోటుకీ మధ్య 240 డిగ్రీల ఎడం దొరుకుతుంది.

ఫలితం? తక్కువ ఆర్‌పీఎంలో లోడ్ పడ్డప్పుడు తేడా బాగా తెలుస్తుంది: బూస్ట్ త్వరగా లేస్తుంది, నల్ల పొగ తగ్గుతుంది. ఎప్పుడూ ఒకే స్పీడులో, ఫుల్ లోడ్‌లో తిరిగే ఇంజిన్‌కి మాత్రం పెద్ద లాభం ఉండదు. దానికి దీన్ని కొనమని చెప్పను.

బలహీనత కూడా ఆ గోడే. వేడికి పగుళ్లిస్తుంది. ఇంకో తప్పు ఫిట్టింగ్‌లో జరుగుతుంది: మధ్య పట్టీ లేని గ్యాస్కెట్ వేసేస్తారు. రెండు వైపులా అక్కడే కలిసిపోతాయి, ఇక గోడ ఉన్నా లేనట్టే. పాత గ్యాస్కెట్ విప్పినప్పుడు మధ్య పట్టీ కాలిపోయిందేమో చూడండి.

పిక్అప్ లేదని టర్బో మార్చే ముందు రెండు గేజ్‌లు పెట్టండి, ఒకటి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి, ఒకటి టర్బైన్ ముందు. వేడి గేజ్‌ని తాకకుండా రెండోదానికి కాస్త పొడవాటి స్టీల్ గొట్టం వాడాలి. బూస్ట్ కన్నా బ్యాక్ ప్రెషర్ (టర్బైన్ ముందు పొగ ఒత్తిడి) బాగా ఎక్కువ చూపిస్తే ముందుగా సైలెన్సర్, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మూసుకుపోయాయేమో చూడండి. వాల్వ్ క్లియరెన్స్ కూడా మాన్యువల్ ప్రకారం కొలవండి. ఎక్కువైతే ఎగ్జాస్ట్ వాల్వ్ ఆలస్యంగా తెరుచుకుని త్వరగా మూసుకుంటుంది, పొగ లోపలే ఉండిపోతుంది.