ఒక్క సైకిల్ వేసి ఆపేస్తా అనే వాళ్లకి

"అన్నా, 12 వారాలు ఒక్క సైకిల్ వేసి ఆపేస్తా, ఏం కాదుగా?" జిమ్‌లో ఈ మాట వినని వారం లేదు. సైకిల్ అంటే కండల కోసం టెస్టోస్టిరాన్ లాంటి స్టెరాయిడ్లు కొన్ని వారాలు వరసగా వేసుకోవడం. ఒళ్లు మండుతుంది. ఎందుకంటే అసలు కథ మొదలయ్యేదే ఆపేశాక.

మీ డాబా మీద ట్యాంకు ఉందిగా. నీళ్లు తగ్గితే సెన్సర్ చూసి మోటార్ వేస్తుంది, నిండితే ఆపేస్తుంది. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ కూడా అంతే. సెన్సర్ మెదడులో, మోటార్ వృషణాల్లో. స్టెరాయిడ్ ఇంజెక్షన్ అంటే వారం వారం ట్యాంకర్ తెప్పించి పోయించడం. ట్యాంకు ఎప్పుడూ నిండుగా ఉంటే సెన్సర్ మోటార్ ఎందుకు వేస్తుంది? మెదడు నుంచి వృషణాలకి వెళ్లే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ సిగ్నళ్లు ఆగిపోతాయి. వృషణాలు చిన్నవవుతాయి, వీర్యకణాలు పడిపోతాయి.

సైకిల్ అయింది, ట్యాంకర్ మానేశారు. నెలల తరబడి తిరగని మోటార్ స్విచ్ వేయగానే తిరుగుతుందా? బోరు ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. కొందరికి నెలలు, కొందరికి ఏడాది పైనే పడుతుంది. ఈలోగా నీరసం, దిగులు, కండ కరగడం. అద్దం చూసుకోగానే మళ్లీ ట్యాంకర్‌కి ఫోన్. ఒక్క సైకిల్ కాస్తా రెండోది అయ్యేది ఇక్కడే.

ట్యాంకు పొంగితే ఓవర్‌ఫ్లో పైపు ఉంటుంది కదా, ఇక్కడా ఉంది. ఎక్కువైన టెస్టోస్టిరాన్ కొంత ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌గా మారుతుంది, కొందరికి రొమ్ములు పెరుగుతాయి. మా జిమ్‌లో ఒకతను మే నెలలోనూ టీషర్ట్ కింద రెండు బనీన్లు వేసుకొచ్చేవాడు.

పనిచేయదని నేననను. 1996లో షాలేందర్ భసీన్ బృందం అమెరికాలో 43 మంది మగవాళ్లతో చేసిన ప్రయోగం చూడండి. 10 వారాలు, వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్. మందు తీసుకుని వ్యాయామం చేయనివాళ్లకి కొవ్వు కాని బరువు సుమారు 3 కిలోలు పెరిగింది. ఉత్తుత్తి మందుతో చెమటోడ్చినవాళ్లకి 2 కిలోలే! రెండూ చేసినవాళ్లకి 6. కానీ జిమ్ కుర్రాళ్లలా నాలుగు మందులు కలిపి ఏళ్ల తరబడి ఇచ్చే ప్రయోగానికి ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటుంది? అందుకే పరిశోధకులు ఇప్పటికే వాడుతున్నవాళ్లనే వెతుక్కుని పరీక్షించాలి. వాళ్లేమో డాక్టర్ దగ్గరా దాస్తారు.

కండల మీద ఇంత యావ ఎందుకంటే, 1999లో అమెరికా సైకియాట్రిస్టు హారిసన్ పోప్ బృందం పిల్లల బొమ్మలు కొలిచింది. మనిషి ఎత్తుకి లెక్కేస్తే 1964 నాటి జీఐ జో అనే సైనికుడి బొమ్మ బైసెప్ 12 అంగుళాలు, 1990ల బొమ్మది దాదాపు 27! అంత చేయి ఎవరికి ఉంటుందండీ?

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. స్టెరాయిడ్లతో మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, రక్తం చిక్కబడుతుంది, గుండె కండరం మందమవుతుంది. సూది పంచుకుంటే హెపటైటిస్ భయం. జిమ్ కుర్రాళ్లకి అమ్ముతుంటే హైదరాబాద్‌లో పోలీసులు పట్టుకుంటున్న మెఫెంటెర్మిన్ అసలు స్టెరాయిడ్ కాదు, ఆపరేషన్‌లో బీపీ పడిపోతే ఇచ్చే మందు. దానికి మన ట్యాంకుతో పని లేదు, వేరే వీడియో చేస్తా.