కోడిరెక్కలో మన చెయ్యి

శ్రోతలకు నమస్కారం.

పోయిన ఆదివారం గుంటూరులో మా ఇంట్లో కోడికూర. ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలు రెక్క ముక్క తినేసి, ఎముకల్ని పళ్లెం అంచున వరసగా పెట్టుకుంది. కాసేపు చూసి, "తాతయ్యా, దీనికీ మోచెయ్యి ఉంది!" అంది. చాలా ఏళ్లు జంతుశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ ఒక్క మాటకి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఎముకలు వేణ్ణీళ్లతో కడిగి, పాత పేపరు మీద పరుచుకుని ఇద్దరం కూర్చున్నాం.

భుజం దగ్గర ఒకే ఎముక. మోచెయ్యి దాటాక రెండు, ఒకటి లావు, ఒకటి సన్నం. తర్వాత మణికట్టు. కొసన, ఎవరూ పెద్దగా తినని ఆ చివరి ముక్కలో మూడు వేళ్ల ఎముకలు, కొంత అతుక్కుపోయి ఉంటాయి. వాటిలో ఒకటి బొటనవేలిలా పక్కకి విడిగా నిలబడుతుంది.

ఇప్పుడు మీరు మీ కుడిచేతిని ఎడమచేత్తో తడిమి చూడండి. మోచేతికి పైన ఒకే ఎముక తగులుతుంది. కింద రెండు ఉంటాయి. అరచెయ్యి తిప్పితే ఆ రెండూ ఒకదాని మీద ఒకటి అడ్డంగా వస్తాయి. ఆ తర్వాత మణికట్టులో చిన్న చిన్న ఎముకలు, వాటి తర్వాత వేళ్లు. కోడి ఎగరడానికి, మనం అన్నం కలుపుకోవడానికి వాడుకునేది ఒకే వరస ఎముకల్ని. సాయంత్రం పూట చింతచెట్టు చుట్టూ తిరిగే గబ్బిలం రెక్క కూడా అంతే. దాని వేళ్లు గొడుగు ఊచల్లా సాగాయి, మధ్యలో చర్మం పరుచుకుంది. బొటనవేలికి ఇంకా గోరు ఉంది.

మేకకాలు చూస్తే మరీ ఆశ్చర్యం. ముందుకాలికి మనం మోకాలు అనుకునేది నిజానికి దాని మణికట్టు. ఆ కింద ఉండే పొడుగాటి ఎముక, మన అరచేతిలో మధ్యవేలికీ ఉంగరపు వేలికీ ఆధారంగా ఉండే రెండు ఎముకలు ఒక్కటిగా కలిసిపోయి ఏర్పడింది. దాని కింది కొస ఇప్పటికీ రెండుగా చీలి ఉంటుంది. రెండు గిట్టలూ ఆ రెండు వేళ్ల గోళ్లు. వెనకవైపు కొంచెం పైన, నేలకి ఆనకుండా ఉండే రెండు చిన్న గోళ్లు మన చూపుడువేలు, చిటికెనవేలు. అంటే మేక జీవితమంతా వేళ్ల కొసల మీద నడుస్తోంది.

ఎగరడం, నడవడం, పట్టుకోవడం, ఈదడం, ఇన్ని వేరువేరు పనులకి ఒకే అమరిక ఎందుకు? ఒక్కో పనికి ఒక్కో పరికరాన్ని కొత్తగా చేస్తే ఇలా ఉండదు. ఒకే పూర్వీకుల నుంచి వచ్చిన ఆస్తిని వారసులు తలా ఒక రకంగా వాడుకుంటే ఇలా ఉంటుంది. ఒకే ఇంటిపేరు వాళ్లలో ఒకరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తారు, ఒకరు బెజవాడలో ఆటో నడుపుతారు. పనులు వేరయినా ఇంటిపేరు పోదు. 1859లో డార్విన్ తన పుస్తకంలో వాదించిన విషయాల్లో ఇదొకటి. సీతాకోకచిలుకకీ రెక్కలున్నాయి కదా అంటారు. ఉన్నాయి, కానీ వాటిలో ఒక్క ఎముక కూడా లేదు. పని ఒకటే అయినంత మాత్రాన చుట్టరికం కుదరదు. లోపలి కట్టడం కలవాలి.

తిమింగలం సంగతి చెప్పకుండా ఉండలేను. దాని ఈతరెక్కలో ఇవే చేతి ఎముకలున్నాయి. వెనక కాళ్లు లేవు, అయినా ఒంట్లో చిన్న తుంటి ఎముకలు మిగిలాయి. మరి నేల మీద దాని చుట్టాలు ఎవరు? జవాబులో ఒక ముక్క మన దేశంలోనే దొరికింది. జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్ దగ్గరి రాళ్లలో దొరికిన ఒక జంతువుకి ఎ. రంగారావు అనే భారతీయ భూగర్భ శాస్త్రవేత్త 1971లో ఇండోహయస్ అని పేరు పెట్టారు. ఆయన సేకరించిన రాళ్లు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయాయి. తర్వాత అవి అమెరికాలో తేవిసెన్ అనే శాస్త్రవేత్త బృందానికి చేరాయి. రాయిని శుభ్రం చేస్తుంటే ఒక పుర్రెలో చెవి ఎముక విరిగింది. లోపల చూస్తే ఆ ఎముక గోడ తిమింగలాల చెవిలో ఉన్నట్టే ఒకవైపు మందంగా ఉంది. 2007లో ఆ సంగతి ప్రకటించారు. సుమారు 4 కోట్ల 80 లక్షల ఏళ్ల నాటి ఆ జంతువు పిల్లి కంటే కాస్త పెద్దది, కాళ్లకి చీలిన గిట్టలు. తిమింగలానికి సొంత తాత కాకపోయినా దగ్గరి దాయాది. మేక, పంది, నీటిగుర్రం, తిమింగలం ఒకే వంశంలోవని తేల్చడంలో ఆ చెవి ఎముకకి కూడా చోటుంది. ఆ రాళ్లు పారేయకుండా దాచినవాళ్లకి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది నాకు.

ఎముకలే కాదు, నరాలు కూడా పాత కథ చెబుతాయి. మెదడు నుంచి గొంతులోని స్వరపేటికకి ఒక నరం వెళ్లాలి. దూరం జానెడు కూడా ఉండదు. కానీ ఎడమవైపు నరం ఛాతీలోకి దిగి, గుండె దగ్గర పెద్ద ధమని కింద నుంచి చుట్టి, మళ్లీ పైకి వస్తుంది. జిరాఫీలో కూడా ఇదే దారి, అంత పొడుగు మెడ కిందికి దిగి, మళ్లీ ఎక్కి. థైరాయిడ్ ఆపరేషన్ చేసే డాక్టర్లు ఈ నరం తెగకుండా ఎంతో జాగ్రత్త పడతారు, తెగితే గొంతు బొంగురుపోతుంది.

ఎందుకీ చుట్టుదారి? విజయవాడ వాళ్లకి దీన్ని తేలిగ్గా చెప్పొచ్చు. ఊళ్లోంచి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ పోతాయి. అవతలి గట్టు మీద కనిపించే ఇంటికి వెళ్లాలన్నా వంతెన దాకా పోయి తిరిగి రావాలి. ఇవాళ కొత్తగా ఊరు కట్టేవాళ్లు అలా కట్టరు. కాలువలు వచ్చాక ఊరు వాటి చుట్టూ పెరిగింది. చేపలో గుండె మొప్పల దగ్గరే ఉంటుంది, అక్కడ ఈ నరానికి సాటి అయిన నరం నేరుగా మొప్పకి పోతుంది. తరతరాలుగా మెడ ఏర్పడి, గుండె ఛాతీలోకి దిగుతూ, ఆ ధమని నరాన్ని కూడా కిందికి ఈడ్చుకుపోయింది.

కోతి నుంచి మనిషి వస్తే కోతులు ఇంకా ఎందుకున్నాయని పిల్లలు నన్ను అడిగేవాళ్లు. మన పెదనాన్న పిల్లలు ఊళ్లో ఉన్నారు, మనం పట్నం వచ్చాం. మనం వాళ్ల నుంచి పుట్టలేదు, వాళ్లూ మనమూ ఒకే తాతకి వారసులం. ఇప్పటి కోతులకీ మనకీ ఉన్న చుట్టరికం అలాంటిదే.

మా మనవరాలు కోడిరెక్క ఎముకల్ని అట్టముక్క మీద అతికించి, పక్కన తన చెయ్యి పెట్టి పెన్సిలుతో గీసుకుంది. వచ్చే ఆదివారానికి మేకకాలు కావాలట. ముక్కలు కొట్టకుండా నిండుకాలు ఇవ్వమని మటన్ కొట్టులో ఇప్పటికే చెప్పి ఉంచాను.

సెలవు. నమస్కారం.