సెలెక్ట్ దగ్గర ఆగిన టాస్కు

ఫ్రీఆర్‌టీఓఎస్ (చిన్న బోర్డుల ఆపరేటింగ్ సిస్టమ్) మీద ఎల్‌డబ్ల్యుఐపీ (నెట్‌వర్క్ లైబ్రరీ) నడుస్తున్న బోర్డు. సాకెట్లలో (నెట్‌వర్క్ కనెక్షన్ల కొసలు) దేనికైనా డేటా వచ్చేదాకా ఆగే సెలెక్ట్ ఫంక్షన్‌ను ఒక టాస్కు (విడిగా నడిచే పని) నుంచి పిలిచాం, డేటా రావడం లేదు. అందరి చెయ్యీ ముందు కేబుల్ మీదికే పోతుంది. కాస్త ఆగండి. ఆ టాస్కు నిద్రపోతోందా, నిద్రలేకుండా గిరగిరా తిరుగుతోందా? ముందు అది తేల్చుకోవాలి. ఎక్కువ ప్రయారిటీ ఉన్న ఇంకో టాస్కు నుంచి టాస్కుల స్థితి చూపే వీటాస్క్‌లిస్ట్ ప్రింట్ చేయించండి. 'బి' (బ్లాక్డ్) కనిపిస్తే నిద్ర. ఎప్పుడు చూసినా 'ఆర్' (రెడీ) అంటే తిరుగుడు. తక్కువ ప్రయారిటీ టాస్కు నుంచి ప్రింట్ చేయించబోతే దానికి వంతే రాకపోయిందా, అదీ జవాబే!

తిరుగుడుకు నేను మొదట అనుమానించేది టైమవుట్‌ని. మీరు 5 మిల్లీసెకన్లు ఇచ్చారనుకోండి. టిక్ (సిస్టమ్ గడియారపు కొట్టుడు) 100 హెర్ట్జ్, అంటే ఒక్కో టిక్ 10 మిల్లీసెకన్లు. ఎల్‌డబ్ల్యుఐపీని ఫ్రీఆర్‌టీఓఎస్‌కు అమర్చే కొన్ని పోర్టుల్లో సెమఫోర్ (సెలెక్ట్‌ను నిద్ర లేపే సంకేతం) కోసం ఆగే ఫంక్షన్ మిల్లీసెకన్లను టిక్ నిడివితో భాగించి, శేషం వదిలేస్తుంది. 5ను 10తో భాగిస్తే సున్నా. ఇక ఆగడమే ఉండదు, సెలెక్ట్ వెంటనే సున్నా ఇస్తుంది, మీ లూపు మళ్లీ పిలుస్తుంది. మీ టాస్కు ప్రయారిటీ 3, ప్యాకెట్లు చూసుకునే టీసీపీఐపీ థ్రెడ్‌ది డిఫాల్టుగా 1; పెద్ద అంకెదే ముందు వంతు. దానికి వంతే రాదు, వచ్చిన ప్యాకెట్‌ను తీసేవాళ్లుండరు. పైకి నెట్‌వర్క్ చచ్చినట్టుంటుంది, తప్పు మాత్రం ఆ భాగహారంలో ఉంది. టైమవుట్ ఒక టిక్‌కి తగ్గనివ్వకండి, టీసీపీఐపీ థ్రెడ్‌ను సాకెట్ టాస్కులకన్నా పైన పెట్టండి. అవతలివాడు కనెక్షన్ మూసినా ఇలాగే తిరుగుతుంది: సెలెక్ట్ 'చదవచ్చు' అంటుంది, రిసీవ్ సున్నా ఇస్తుంది, మీరు సాకెట్ మూయరు.

నిద్రే అయితే సెలెక్ట్‌కు ఇచ్చే మొదటి ఆర్గ్యుమెంట్ చూడండి. అతిపెద్ద సాకెట్ నంబరుకు ఒకటి కలపాలి. ఈఎస్‌పీ-ఐడీఎఫ్‌లో (ఈఎస్‌పీ32 చిప్‌ల సాఫ్ట్‌వేర్ కిట్) డిఫాల్ట్ 10 సాకెట్లకు నంబర్లు 54 నుంచి మొదలవుతాయి, చిన్న నంబరు ఇస్తే మీ సాకెట్‌ను చూడనే చూడదు. ఏ సాకెట్లు చూడాలో చెప్పే సెట్లను సెలెక్ట్ ప్రతిసారీ చెరిపి రాస్తుంది కాబట్టి లూపు లోపలే మళ్లీ నింపాలి. అవతల కరెంటు పోతే ఏ ప్యాకెట్టూ రాదు, కీప్‌అలైవ్ (అవతలివాడు ఉన్నాడా అని తట్టి చూసే ఏర్పాటు) పెట్టాల్సిందే. డిఫాల్ట్ విలువలు వదిలేస్తే 2 గంటలు ఆగి, 75 సెకన్లకొకటి చొప్పున 9 సార్లు తడుతుంది. యంత్రాల పనికి అది మరీ ఆలస్యం, తగ్గించుకోండి.

అన్నిటికన్నా మొండిది ఇంకొకటుంది. సెలెక్ట్‌లో నిద్రపోతున్న టాస్కును వీటాస్క్‌డిలీట్‌తో చంపడం. సెలెక్ట్ తన నిరీక్షణ వివరాలను డిఫాల్ట్ సెట్టింగుల్లో ఆ టాస్కు స్టాక్ (దాని సొంత మెమరీ) మీదే పెట్టి, ఒక లింక్డ్ లిస్టులో తగిలిస్తుంది. టాస్కు పోయింది, స్టాక్ మెమరీ ఫ్రీ అయింది, లిస్టు మాత్రం ఇంకా అటే చూపిస్తోంది. తర్వాత ఏదో సాకెట్‌కు ప్యాకెట్ వస్తే టీసీపీఐపీ థ్రెడ్ ఆ లిస్టు వెంట నడుస్తూ హార్డ్‌ఫాల్ట్‌లో (ప్రాసెసర్ ముందుకు కదలలేని తప్పు) పడుతుంది. క్రాష్ అక్కడ కనిపిస్తుంది కాబట్టి నింద ఎల్‌డబ్ల్యుఐపీ మీద పడుతుంది.

బయటి నుంచి చంపకండి, సాకెట్‌ను ఇంకో టాస్కు నుంచి మూయకండి. సెట్లో ఒక యూడీపీ లూప్‌బ్యాక్ సాకెట్ (బోర్డు తనకు తానే పంపుకునేది) కలపండి, ఆపాలనుకున్నప్పుడు దానికి ఒక బైట్ పంపండి. టాస్కు తనే లేచి, సాకెట్లు మూసి, తనను తాను డిలీట్ చేసుకుంటుంది. కాన్ఫిగరేషన్‌లో లూప్‌బ్యాక్ ఆన్ చేయడం మరచిపోతే ఆ బైట్ కూడా రాదు.