పక్కనే నడిచే ఓడ

శ్రోతలందరికీ నమస్కారమండి. ఈ రోజు ఫ్రిగేట్ అనే యుద్ధనౌక గురించి మాట్లాడుకుందాం. తిరుపతిలో కూర్చుని ఓడల మాటలేంది అనుకోవద్దు, జిల్లాలు మారినప్పుడు సూళ్లూరుపేట, శ్రీహరికోట మన జిల్లాకే వచ్చినాయి, అంటే మనకీ సముద్రం ఉంది. ఇంకోటి, మన చిత్తూరు తోతాపురి పల్ప్ డ్రమ్ములు చెన్నై పోర్టు నుంచి యూరప్‌కి పోవాలంటే దగ్గర దారి ఎర్ర సముద్రమే. 2023 నవంబర్ నుంచి యెమెన్‌లోని హౌతీలనే తిరుగుబాటుదారులు అక్కడ ఓడల మీద దాడులు మొదలుపెట్టేసరికి చాలా ఓడలు ఆఫ్రికా అంతా చుట్టుకుని పోవాల్సి వచ్చె, రోజులు పెరిగె, కంటైనర్ బాడుగలూ పెరిగె. ఆ డిసెంబర్‌లోనే ఫ్రాన్స్ ఫ్రిగేట్ లాంగ్‌డాక్ తన మీదికి వస్తా ఉన్న డ్రోన్లని అక్కడే కూల్చింది.

ఫ్రిగేట్ అసలు పని వేరే ఓడలకి కాపలాగా తోడు పోవడం. తెరచాపల కాలం నాటి పేరిది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ సబ్‌మెరైన్లు అట్లాంటిక్‌లో సరుకు ఓడల్ని ముంచేస్తా ఉంటే, వాటి వెంట పోయేదానికి బ్రిటన్ కొత్తగా ఓడలు కట్టి ఆ పేరే మళ్ళీ పెట్టింది. మన విక్రాంత్ యుద్ధవిమానాల్ని మోసే 262 మీటర్ల ఓడ, అంతటిది కూడా ఒంటరిగా పోదు, చుట్టూ కాపలా ఓడలు ఉండాల్సిందే. 2025 ఆగస్టు 26న విశాఖలో నేవీలో చేరిన ఉదయగిరి, హిమగిరి ఇలాంటి ఫ్రిగేట్లే, ఒక్కోటి 149 మీటర్లు, బ్రహ్మోస్ మిస్సైళ్ళు కూడా ఉన్నాయి. ఉదయగిరి అనేది మన ఆంధ్రా కొండల పేరే, నాకైతే అది విన్నప్పుడు గుండె నిండిపోయింది.

మిస్సైళ్ళ గురించి అందరూ చెప్తారు గానీ నాకు ఆశ్చర్యం వేసేది వినే పని. మా పిన్ని కొడుకు నేవీలో సోనార్ దగ్గర చేస్తాడు, అంటే నీళ్ళ కింద చప్పుళ్ళని పట్టే యంత్రం. "అన్నా, హెడ్‌ఫోన్ పెట్టుకుంటే తాళింపు చిటపటలాడినట్టు ఉంటుంది, అవి రొయ్యలు" అన్నాడు ఒకసారి. ఆ చిటపటల మధ్య సబ్‌మెరైన్ చప్పుడు పట్టుకోవాల. మన సముద్రాల్లో పైన నీళ్ళు వెచ్చగా, కింద చల్లగా ఉంటాయి కదా, ఆ రెండూ కలిసే చోట శబ్దం వంగిపోతుంది, సబ్‌మెరైన్ ఆ పొర కింద దాక్కుంటే పైనున్న ఓడకి సరిగ్గా వినపడదు. అందుకే హెలికాప్టర్ పోయి నీళ్ళ మీద ఆగి, బావిలోకి చేద దించినట్టు తాడుతో సోనార్‌ని ఆ పొర కిందికి దించుతుంది.

ముందుగా వినలేకపోతే ఏమవుతుందో 1971 డిసెంబర్ 9 రాత్రి తెలిసింది. డయ్యూ దగ్గర మన ఫ్రిగేట్ ఖుక్రీ సబ్‌మెరైన్‌ని వెతుకుతా ఉంది, కానీ పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్‌కి వినికిడి దూరం ఎక్కువ, ముందు అదే పసిగట్టి టార్పెడో కొట్టింది. నిమిషాల్లో ఓడ మునిగింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయినారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడ వదిలి రాలేదు, ఆయనకి మహావీర చక్ర ఇచ్చినారు. ఈ మాట ఎప్పుడు చెప్పినా నా గొంతు పట్టేస్తుంది.

యుద్ధం లేనప్పుడూ పని ఆగదు. 2024 జులైలో ఒమన్ దగ్గర ఆయిల్ ట్యాంకర్ ఒకటి తిరగబడితే మన ఫ్రిగేట్ తేగ్ పోయి 9 మందిని ప్రాణాలతో తెచ్చింది, వాళ్ళలో 8 మంది మనవాళ్ళే. 2025 మార్చిలో ఇంకో ఫ్రిగేట్ తర్కష్ ఒక పడవలో 2,500 కిలోల మత్తుమందు పట్టుకుంది.

మా తమ్ముడు ఎక్కడికి పోతాడో ఇంట్లో చెప్పడు, చెప్పకూడదు కూడా. ఫోన్ స్విచాఫ్ వస్తే ఓడ కదిలిందని మా పిన్నికి అర్థమైపోతుంది, అప్పటినుంచి టీవీలో తుఫాను వార్త వచ్చినప్పుడల్లా సౌండ్ పెంచుతుంది.

నమస్కారం.